ఆటమాటున ధిక్కారము

పిల్లల ఆటలలో ఒక చక్కని మర్యాద కలదు. జట్టులో చేరదగిన వయస్సు లేని పసివానిని ఏడిపింపక, వానిని ఆటలో అరటిపండుగా కలుపుకొందురు. వాడు పరుగెత్తవచ్చును, కేకలు వేయవచ్చును. దొరికినను దొంగ కాడు, గెలిచినను లెక్కకు రాడు. లెక్కకు రాకపోవుటచేతనే తక్కినవారికి లేని స్వేచ్ఛ యొకటి వానికి దక్కుచున్నది. వీడియో క్రీడలను లోకము చాలకాలము ఈ విధముగనే చూచినది. పెద్దలకు అవి కాలహరణము. ఉపాధ్యాయులకు చదువుకు చేటు. ప్రభుత్వములకు పట్టించుకొనదగని పిల్లచేష్ట. ఆ ఉపేక్షయే ఒక దేశమున మాటాడ వీలులేని యువకులకు మాటాడు చోటును చూపినది.

ఆ దేశము చెకొస్లొవేకియా. 1968 ఆగస్టులో సోవియట్ యూనియన్ నాయకత్వమున వార్సా ఒడంబడిక సైన్యములు అందులో ప్రవేశించి, అప్పుడప్పుడే చిగురించుచున్న స్వేచ్ఛను అణచివేసినవి. దానికి నిరసనగా 1969 జనవరి 16న యాన్ పలాఖ్ అను ఇరువది యేండ్ల విద్యార్థి ప్రేగ్ నగరపు వెన్సెస్లాస్ కూడలిలో తన దేహమునకు నిప్పంటించుకొని, మూడవనాడు మరణించినాడు. సరిగా ఇరువది సంవత్సరములకు, 1989 జనవరిలో, ఆ యువకుని స్మరించుటకై జనులు అదే కూడలికి వచ్చినారు. పోలీసులు లాఠీలతోను, నీటిఫిరంగులతోను, బాష్పవాయువుతోను వారిని చెదరగొట్టినారు. నాటకకర్త వాత్స్లావ్ హవెల్ నిర్బంధింపబడినాడు. పత్రికలు పాలకపక్షము పలికించిన పలుకులే పలికినవి. కూడలిలో దెబ్బలు తిన్నవారి మాట అచ్చులోనికి వచ్చు దారి లేదు.

ఆ మాటకు దొరికిన దారులలో ఒకటి కంప్యూటరు. ఆ దేశపు యువకులకు అది సులభముగా లభించు వస్తువు కాదు. బ్రిటనులో 1982లో వెలువడిన స్పెక్ట్రమ్ అను చిన్న యంత్రము విదేశములకు పోయివచ్చువారి సంచులలో అక్కడికి చేరుచుండెను. దాని జ్ఞాపకశక్తి 48 కిలోబైట్లు మాత్రమే. నేటి చేతిఫోను తీయు ఒక్క ఛాయాచిత్రమైనను అందులో ఇమడదు. క్రీడలను పాటల క్యాసెట్లవంటి క్యాసెట్లపై నకలుచేసి మిత్రులు ఒకరికొకరు ఇచ్చుకొనుచుండిరి. విచిత్రమేమనగా, వీరు కలిసికొను కంప్యూటరు సంఘములలో పెక్కింటికి ఆశ్రయమిచ్చినది స్వజార్మ్ అను సంస్థ. సైన్యమునకు పౌరుల సహకారమును సమకూర్చుటకై ప్రభుత్వము నడిపిన సంస్థ అది. పాలకులు వేసిన పందిరిమీదనే ధిక్కారపు తీగ అల్లుకొన్నది.

అంత చిన్న యంత్రములో బొమ్మలకు చోటు తక్కువ. మాటలకు మాత్రము కొంత చోటు కలదు. కావున అక్కడి యువకులు మాటలతోనే క్రీడలు అల్లినారు. తెరపై కొన్ని వాక్యములు కనిపించును: నీవు ఫలానా చోట నున్నావు, నీ యెదుట ఫలానా వస్తువు కలదు. ఆడువాడు ఉత్తరమునకు పొమ్మనియో, తాళపుచెవి తీసికొమ్మనియో ఆజ్ఞ నిచ్చును. కథ దానినిబట్టి సాగును. చదువరియే నాయకుడైన కథ యన్నమాట. 1985లో ఫ్రాంటిషెక్ ఫుకా అను యువకుడు అమెరికా చలనచిత్రములలోని ఇండియానా జోన్స్‌ను ఇట్టి క్రీడకు నాయకునిగా తెచ్చినాడు. 1988లో మిరోస్లావ్ ఫీడ్లర్ రచించిన క్రీడ పేరు ‘ప్రెస్తావ్బా’. గోర్బచేవ్ ‘పెరిస్త్రోయికా’కు అది చెక్ భాషారూపము. ప్రభుత్వపు నినాదమునే పేరుగా పెట్టుకొని ఆ ప్రభుత్వమునే వెక్కిరించిన రచన అది.

పలాఖ్ సంస్మరణపు అలజడి వెనుక మరియొక క్రీడ చేతులు మారజొచ్చినది. ‘1989 జనవరి 16న ప్రేగ్ వెన్సెస్లాస్ కూడలిలో ఇండియానా జోన్స్ సాహసములు’ అని దాని పేరు. రచయిత తన నిజనామమును దాచుకొన్నాడు. కథ మిక్కిలి చిన్నది: పోలీసుల వలయమైన ఆ కూడలిలో చిక్కుకొన్న నాయకుడు ప్రాణములతో బయటపడి స్వదేశమునకు పోవలెను. ఒక్క అడుగు తప్పినచో పోలీసులు కొట్టి చంపుదురు. ఆడువాడు మరల మొదలుపెట్టును, మరల చచ్చును. చలనచిత్రములో ఎట్టి ఆపదనైనను దాటు ఆ మహావీరునకే ఈ కూడలిలో అడుగు తీసి అడుగు వేయుట కష్టమైనది. నిరాయుధుడైన విద్యార్థి గతి యేమో వేరుగ చెప్పనక్కరలేదు. పత్రిక దాచిన నిజమును ఆడువాడు తన వరుస మరణములవలన తెలిసికొనుచుండెను.

అదే కాలమున నిషిద్ధ రచనలను కార్బను కాగితములు పెట్టి టైపుచేసి పంచుకొన్నవారు చెరసాలకు సిద్ధపడి ఆ పని చేసినారు. పుస్తకమునకు భయపడిన ప్రభుత్వము బాలురు చేతులు మార్చుకొను క్యాసెట్టును లెక్కపెట్టలేదు. సాహిత్యమునకు కాపలా యున్నది, ఆటకు లేదు. అరటిపండునకు దక్కిన స్వేచ్ఛ ఇదియే.

అయినను ఈ క్రీడను అతిగా పొగడరాదు. అందులో నాయకుడు పోలీసులను చంపగలడు. అది దెబ్బలు తిన్నవాని కసి. కాని 1989 నవంబరు 17న విద్యార్థుల ఊరేగింపుతో మొదలైన ఉద్యమము ఆ త్రోవ త్రొక్కలేదు. విద్యార్థులు పోలీసులకు పూవులు చూపినారు. తరువాతి దినములలో వెన్సెస్లాస్ కూడలి నిండిన జనులు తమ తాళపుచెవులను గలగలలాడించి పాలకులకు వీడ్కోలు పలికినారు. డిసెంబరు 29న హవెల్ దేశాధ్యక్షుడైనాడు. ప్రభుత్వమును మార్చినది కూడలికి నడచివచ్చిన జనులే. కాని కూడలిలో జరిగినదానిని జరిగినట్లు తలచుకొనుటకు, ఆ తలపును మిత్రునితో పంచుకొనుటకు ఆట కొందరికి తోడైనది. చెక్ పరిశోధకుడు యరోస్లావ్ ష్వెల్ఖ్ 2018లో ప్రకటించిన గ్రంథమున ఈ క్రీడల చరిత్ర విపులముగా కలదు.

ఆటను కల్పించి ధిక్కరించుట ఒక మార్గము. ఉన్న ఆటలోనే దాని నియమమును కాదనుట మరియొకటి. అమెరికా సైన్యము 2002 జూలై 4న ‘అమెరికాస్ ఆర్మీ’ అను క్రీడను ఉచితముగా విడుదల చేసినది. యువకులను సైన్యమువైపు ఆకర్షించుట దాని ఉద్దేశము. నెవాడా విశ్వవిద్యాలయపు కళాచార్యుడు జోసెఫ్ డిలాప్ 2006లో ఆ క్రీడలో ప్రవేశించి, ఆయుధమును పట్టక నిలిచి, ఇరాక్ యుద్ధమున మరణించిన అమెరికా సైనికుల పేర్లను, వయస్సులను, మరణదినములను ఒక్కొక్కటిగా టైపుచేయ నారంభించినాడు. ఇతరులు అతని పాత్రను కాల్చివేసిరి, తిట్టిరి, ఆటనుండి వెళ్ళగొట్టిరి. అతడు మరల వచ్చి ఆపిన పేరునుండి కొనసాగించినాడు. 2011 డిసెంబరులో అమెరికా సేనలు ఇరాక్‌ను వీడువరకు 4,400లకు పైగా పేర్లు ఆ తెరపై వ్రాసినాడు. చచ్చినను మరల లేచు బొమ్మల నడుమ, మరల లేవనివారి జాబితా అది.

ఈ రెండు దృష్టాంతములు చూచి, ప్రతి వీడియో క్రీడయు ధిక్కారమే యనుకొనుట పొరపాటు. నేడు ఆ క్రీడలు మహావ్యాపారము. రాత్రులు మేలుకొని, తండ్రి సొమ్ముతో బొమ్మ తుపాకికి కొత్త రంగులు కొను బాలుడు వ్యాపారి గీచిన గీతమీదనే నడచుచున్నాడు. ప్రేగ్ యువకుడు ఆ గీతను తానే గీచినాడు. డిలాప్ గీచిన గీతను దాటినాడు. కేవలము ఆడుట వేరు, ఆటను తనదిగా చేసికొనుట వేరు.

ఈ భేదమును బాలునకు తెలుపగలవాడు ఉపాధ్యాయుడే. కేకలు వేసి ఫోను లాగుకొన్నచో బాలుడు దానిని దాచుట నేర్చును. దగ్గర కూర్చుండి నాలుగు ప్రశ్నలు అడిగినచో ఆలోచించుట నేర్వవచ్చును. ఈ ఆటను చేసినవారెవరు? నీచేత ఏమి చేయింపగోరి చేసినారు? ఇందులో నీవు చేయనొల్లని పని యేది? నీవే యొక ఆటను కల్పించినచో మన ఊరిలోని ఏ కూడలిని అందులో చూపుదువు?