పుదీనా టీలో రెండు ఆకుల కథ

పుదీనా గ్రీన్ టీ డబ్బా మీద 'గన్‌పౌడర్' అని రాసి ఉందని బెంగపడకు తల్లీ. అందులో ఉన్నది టీ ఆకే. చైనాలో జెజియాంగ్ రాష్ట్రం ఉంది, అందులో షావోషింగ్ అనే ఊరు. ఆ పక్కనే ఉన్న పింగ్‌ష్వే పేరు మీద ఈ రకం ఎన్నో తరాలుగా అమ్ముడవుతోంది. ఆకును వేడి చేసి, దొర్లించి దొర్లించి మూడు మిల్లీమీటర్ల గుళికలుగా చుట్టేస్తారు. చైనావాళ్లు వాటిని ముత్యాలన్నారు, తెల్లవాళ్లు తుపాకి మందన్నారు. ఎవరి కంటికి ఏది కనబడితే అది!

ఓ గాజు గ్లాసులో నాలుగు గుళికలు వేసి, వేడినీళ్లు పోసి, కదలకుండా కూర్చుని చూడు. ముందు అడుక్కి దిగుతాయి. కాసేపటికి ఒకదాని కొస విడుతుంది, తర్వాత ఒళ్లంతా విప్పుకుంటుంది. ఈనెలు కనబడతాయి, అదృష్టం బాగుంటే అంచున రంపపు పళ్లు కూడా. ఎక్కడో కొండవాలులో కోసిన ఆకు నీ కళ్లముందు మళ్లీ ఆకవుతుంది. అంత గట్టిగా చుట్టడం అందం కోసం కాదు. ఆకుకు గాలి ఎంత తక్కువ తగిలితే వాసన అంత నిలుస్తుంది. ఒకప్పుడు తెరచాప ఓడల్లో నెలల తరబడి ప్రయాణం చేసే సరుకు నలగకూడదు, చెమ్మ పీల్చకూడదు.

పచ్చ టీ, నల్ల టీ వేర్వేరు మొక్కలని యూరప్‌లో చాలాకాలం అనుకున్నారు. మొక్కలకు పేర్లు పెట్టిన మహానుభావుడు లినేయస్ కూడా 1762లో వాటిని రెండు జాతులుగా రాశాడు. 1843 నుంచి చైనాలో తిరిగిన రాబర్ట్ ఫార్చ్యూన్ అనే తోటల నిపుణుడు తోటల దాకా వెళ్లి చూసి, మొక్క ఒకటేనని తేల్చాడు. ఇంకో సంగతి కూడా కనిపెట్టాడు. ఎగుమతి చేసే పచ్చ టీకి ఇంకా పచ్చదనం రావాలని ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు, జిప్సం పొడి కలుపుతుండేవారు. ఆ పనివాళ్ల చేతులు నీలంగా ఉండడం కళ్లారా చూశాడాయన. తిండిలో రంగులు కలపడం నిన్న మొన్నటి జబ్బు కాదు.

మరి ఒకే ఆకుకు రెండు రంగులెలా? వంకాయ కోసి గిన్నెలో పడేస్తే నల్లబడుతుందే, అమ్మమ్మ అందుకే ఉప్పునీళ్లలో వేస్తుంది. వంకాయలో ఆ పని చేసే ఎంజైమే టీ ఆకులోనూ ఉంది, పేరు పాలీఫినాల్ ఆక్సిడేజ్. ఆకు నలిగితే అది గాలిలోని ఆక్సిజన్‌తో చేతులు కలిపి ఆకులోని కాటెకిన్లనే పదార్థాలను మార్చేస్తుంది. ఆ మార్పును సాగనిస్తే నల్ల టీ. కోసిన కొద్ది గంటల్లోనే వేడి ఇనప మూకుడులో వేయించి ఎంజైమ్ నోరు నొక్కేస్తే పచ్చ టీ. ఆ మూకుడు దగ్గర నిలబడే మనిషి చేతివాటం మీదే అంతా ఉంది. కాస్త తక్కువైతే ఆకు ఎర్రబారుతుంది, కాస్త ఎక్కువైతే మాడువాసన.

ఈ గుళికలకు పుదీనా జత కుదిరింది చైనాలో కాదు, ఆఫ్రికా వాయవ్య మూలన, మొరాకోలో. అక్కడ టీ తోటలంటూ చెప్పుకోదగ్గవేం లేవు. 18వ శతాబ్దంలో టీ సుల్తాను ఆస్థానానికి, పెద్దింటివాళ్లకు మాత్రమే దొరికే వస్తువు. 1853లో క్రిమియా యుద్ధం మొదలయ్యాక బాల్టిక్ వైపు అమ్మకాలు మూతబడి, బ్రిటిష్ వర్తకులు తమ సరుకును టాంజియర్, మొగడోర్ రేవుల్లో దింపారు. మొగడోర్ అంటే ఇప్పటి ఎస్సవీరా. పుదీనా కషాయం అక్కడివాళ్లకు ముందే అలవాటు. దాంట్లో ఈ చేదు ఆకు పడింది, చక్కెర పడింది, అతాయ్ అనే పుదీనా టీ పుట్టింది. ఈ రోజుకీ చైనా పచ్చ టీని ఎక్కువగా కొనే దేశాల్లో మొరాకో ముందు వరసలో ఉంది. చలికాలంలో పుదీనా బదులు శీబా అనే చేదు మొక్క రెమ్మ వేసుకునేవాళ్లూ ఉన్నారు.

పుదీనా తీరు టీకి పూర్తిగా ఎదురు. టీ ఆకుకు వేడి తగిలితే గాని పచ్చ టీ కాదు. పుదీనా తన వాసనను మొక్కమీదుండగానే తయారుచేసి పెట్టుకుంటుంది. ఆకు వెనకవైపు భూతద్దం పెట్టు, మెరిసే చుక్కలు కనబడతాయి. అవి నూనె తిత్తులు, పైన పల్చటి పొర. వేలితో నలిపితే పొర చిట్లి ఘుమ్మంటుంది. అందుకే దాన్ని టీలో గంటసేపు మరగపెట్టకూడదు, నూనె ఆవిరితో పాటు పోతుంది.

మొరాకోవాళ్లు వేసేది స్పియర్‌మింట్. మన రైతు బజారులో కట్టలుగా అమ్మే పుదీనా కూడా చాలావరకు ఆ జాతే. దాని ప్రధాన సుగంధం కార్వోన్. ఈ కార్వోన్‌కు ఓ తమాషా ఉంది. అవే పరమాణువులు, అదే లెక్క, అమరిక మాత్రం నీ ఎడమ చెయ్యి, కుడి చెయ్యిలా తారుమారు. ఒక అమరిక పుదీనా వాసన, రెండోది సోయికూర గింజల వాసన. మన ముక్కులోని గ్రాహకాలు ఆ తేడాను పసిగట్టేస్తాయి.

అయితే నాలుక మీద చల్లదనం కార్వోన్‌ది కాదు, మెంథాల్‌ది. అది స్పియర్‌మింట్‌లో బహు తక్కువ, పెప్పర్‌మింట్‌లో ఎక్కువ. పెప్పర్‌మింట్ స్పియర్‌మింట్‌కీ, నీటి పుదీనాకీ పుట్టిన సంకరం. విత్తనం పట్టదు, కాడ గుచ్చే పెంచాలి. మెంథాల్ నిజంగా దేన్నీ చల్లబరచదు. నోట్లో చలిని కనిపెట్టే ట్రిప్-ఎం8 అనే ప్రొటీన్‌ను తట్టి లేపుతుంది, మెదడేమో చల్లగాలి తగిలిందనుకుంటుంది. 2002లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పాటపూటియన్ ఎవరి ప్రయోగశాలలో వాళ్లు దీన్ని పట్టుకున్నారు. స్పర్శ, ఉష్ణోగ్రతల గ్రాహకాల మీద పనికి ఇద్దరికీ 2021లో నోబెల్ వచ్చింది. ఆ మెంథాల్ కోసం ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ రైతులు ఇంకో పుదీనా వేస్తారు, వాళ్ల నోట 'మెంథా'. వేసవిలో కోసి, ట్యాంకీలో ఆవిరి పట్టి నూనె తీస్తారు. నువ్వు తలనొప్పికి రాసుకునే బామ్‌లో చల్లదనం అక్కడిది కావచ్చు.

ఇంట్లో కాచుకోవాలంటే సులువే. ఓ చెంచా గుళికల మీద కొద్దిగా మరిగే నీళ్లు పోసి, ఆ మొదటి రసం పక్కన పెట్టు. మళ్లీ కాసిని పోసి గిలకరించి పారబోయి, చేదు కొంత తగ్గుతుంది. మొదటి రసం తిరిగి పోసి, మరిన్ని నీళ్లు, చక్కెర, గుప్పెడు పుదీనా వేసి మూత పెట్టు. పోసేటప్పుడు ఎత్తునుంచి సన్నని ధారగా పొయ్యి. ఆకులోని సపోనిన్లనే పదార్థాలు గాలితో కలిసి నురగ కడతాయి. చక్కెర మొరాకోవాళ్లంత వెయ్యకు, నాకు సగం చాలు.

అన్నం తిన్న వెంటనే మాత్రం తాగకు. టీలోని పాలీఫినాల్స్ తోటకూరలోని, పప్పులోని ఇనుమును పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వవు. మీ అమ్మకు రక్తం తక్కువని డాక్టరు చెప్పారు కదా, ఆమెకు సాయంత్రం నాలుగింటికి ఇవ్వు, భోజనానికి దూరంగా.