గిరజాల జుట్టును సాపు చేస్తే ఏమవుతుంది?

పత్తిపీచు, తలవెంట్రుక - చూడడానికి రెండూ సన్నటి దారాలే. కాని రెండింటి జాతీ వేరు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పిల్లలకు పత్తి ఎక్కడైనా దొరుకుతుంది కనుక ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చు. పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకుని, ఒక నూలుదారాన్నీ, దువ్వెనకు వచ్చిన నాలుగు వెంట్రుకలనూ పట్టకారుతో విడివిడిగా దీపానికి చూపించండి. దారం కాగితంలా మండి కాస్త బూడిద మిగులుతుంది. వెంట్రుకలు ముడుచుకుపోయి, నల్లటి పూసలా ఉండకట్టి, కమురువాసన వేస్తాయి. ఆ వాసనకు ముఖ్య కారణం వెంట్రుకలోని గంధకం. పత్తిపీచులో గంధకం ఉండదు.

పత్తి అంటే సెల్యులోజ్. కాగితం, కట్టెపుల్ల దీని చుట్టాలే. వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తు. మన గోళ్ళు, ఎద్దు కొమ్ము, గొర్రె ఉన్ని కూడా అదే. పట్టు మరో రకం మాంసకృత్తు. ఈ తేడా పేర్లతో తెలియకపోయినా పనిలో మన పెద్దవాళ్ళకు బాగా తెలుసు. పూర్వం రేవులో నూలుబట్టలను చౌడుమట్టి నీళ్ళలో నానబెట్టి, బానలో ఉడకబెట్టి, బండకేసి బాదేవారు. పట్టుచీర జోలికి మాత్రం చౌడును రానిచ్చేవారు కాదు. దానికి కుంకుడురసమే. చౌడు క్షారం. క్షారానికి పత్తి చెక్కుచెదరదు. 1844లో జాన్ మెర్సర్ అనే ఇంగ్లీషువాడు నూలును కాస్టిక్ సోడాలో ముంచితే అది ఇంకా బలపడుతుందని కనుక్కున్నాడు. అదే కాస్టిక్ సోడాను నూటికి 5 పాళ్ళు నీళ్ళలో కలిపి మరిగించి ఉన్ని వేస్తే, కొద్ది నిమిషాల్లో ఉన్ని కరిగి మాయమవుతుంది. నూలుకు మంచిది ఉన్నికి యముడన్నమాట. వెంట్రుక ఉన్ని వైపు మనిషి.

ఈ సంగతి ఇప్పుడు ఎందుకు తెలుసుకోవాలంటే, గుంటూరు, ఒంగోలు వంటి ఊళ్ళలో బ్యూటీపార్లర్ల బోర్డుల మీద "స్ట్రెయిట్‌నింగ్", "స్మూత్‌నింగ్", "కెరటిన్" అనే మాటలు మామూలైపోయాయి. అక్క పెళ్ళనో, కాలేజీలో చేరుతున్నామనో ఉంగరాల జుట్టును సాపు చేయించుకుంటారు. ఆరు నెలలు గడిచేసరికి మొదళ్ళలో గిరజాలు, కింద గీతగీసినట్టు తిన్నటి జుట్టు. మళ్ళీ వెళ్ళాలా? మానేస్తే పాతజుట్టు తిరిగి వస్తుందా?

ముందు గిరజాలు ఎలా పుడతాయో చూద్దాం. చర్మంలో వెంట్రుక మొలిచే గుంట తిన్నగా ఉంటే వెంట్రుక తిన్నగా వస్తుంది. గుంటే వంకరగా ఉంటే మెలి తిరిగి వస్తుంది. లోపల కెరటిన్ గొలుసులు పురి పెట్టిన దారంలా చుట్టుకుని ఉంటాయి. ఇంగ్లండులో ఉన్నిమిల్లుల ఊరైన లీడ్స్‌లో ఆస్ట్‌బరీ అనే శాస్త్రజ్ఞుడు 1930ల్లో ఉన్నినీ వెంట్రుకనూ ఎక్స్-కిరణాలతో పరీక్షించాడు. ఆ పురి రూపాన్ని 1951లో అమెరికాలో లైనస్ పాలింగ్ బృందం తేల్చింది.

ఈ గొలుసులను పక్కపక్కన పట్టి ఉంచే ముడులలో రెండు రకాలు ముఖ్యం. మొదటివి ఉదజని బంధాలు. ఇవి తడికీ వేడికీ ఊడిపోయి, ఆరగానే మళ్ళీ పడతాయి. తడిజుట్టును జడవేసుకుని మర్నాడు విప్పితే అలలు కనిపించడం వీటివల్లనే. ఇస్త్రీపెట్టెలాంటి పరికరంతో సాపుచేసిన జుట్టు వానలో తడవగానే మొదటికి రావడమూ వీటివల్లనే. రెండోవి గంధక బంధాలు. ఒక గొలుసులోని గంధకం పక్క గొలుసులోని గంధకాన్ని చేయిపట్టుకుని ఉంటుంది. నీళ్ళకు, మామూలు వేడికి ఇవి ఊడవు. జుట్టు ఆకారాన్ని కాపాడే గట్టి ముడులు ఇవే.

పార్లర్ క్రీములో ఉండే థయోగ్లైకొలేట్ అనే మందు క్షారంతో కలిసి ఈ గంధకపు ముడులను తెంపుతుంది. మెత్తబడిన జుట్టును దాదాపు 180 డిగ్రీల వేడిపలకల మధ్య తిన్నగా లాగుతారు. తరువాత హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి, కొత్తచోట మళ్ళీ ముడులు పడేట్టు చేస్తారు. తెగిన ముడులన్నీ తిరిగి పడవు. అమెరికాలో ఎక్కువగా వాడే "రిలాక్సర్" ఇంకా కటువైనది. అందులో కొన్నిటిలో సాక్షాత్తు కాస్టిక్ సోడాయే ఉంటుంది. పి.హెచ్. 12 నుంచి 14. అది ముడిలోని రెండు గంధకాలలో ఒకదాన్ని ఊడబెరుకుతుంది. ఇక ఆ ముడిని పాత రూపానికి తేవడం సాధ్యం కాదు.

క్రీము పూసినప్పుడు మాడు మండుతుంది. "కాసేపు ఓర్చుకో, అదే పోతుంది" అనే సలహా వినవద్దు. మిరపకాయలు తొడిమలు తీసేవాళ్ళకు చేతులు మండడం మన ప్రాంతంలో అందరికీ తెలుసు. కాని ఆ మంటా ఈ మంటా ఒకటి కావు. మిరపలోని కాప్సైసిన్, చర్మంలో సుమారు 43 డిగ్రీల వేడికి స్పందించే నాడీ ద్వారాలను తెరుస్తుంది. నిజంగా కాలకపోయినా కాలినట్టు మెదడుకు కబురు వెళుతుంది. ఆ ద్వారాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. క్షారపు మంట అలాంటి ఉత్తుత్తి కబురు కాదు. అక్కడ చర్మం నిజంగానే తినేయబడుతోంది. మందు కూడా వేరు. కాప్సైసిన్ నీళ్ళలో సరిగా కరగదు కనుక మిరపమంటకు నూనె రాసి తుడిచి సబ్బుతో కడగాలి. క్షారం తగిలితే వెంటనే ధారాళంగా నీళ్ళు పోయాలి. నిమ్మరసం పిండి విరుగుడు చేద్దామనుకోవద్దు, పుండు పెద్దదవుతుంది.

"కెరటిన్" వైద్యం పేరు వింటే జుట్టుకు ఆహారం పెడుతున్నట్టు ఉంటుంది. పేరే అందంగా ఉంది. బయటనుంచి పూసిన కెరటిన్ పైపూతగా ఉండి కడుగుళ్ళలో పోతుంది కాని వెంట్రుకగా మారదు. జుట్టును సాపు చేసేది చాలా రకాలలో ఫార్మాల్డిహైడ్. బడి ప్రయోగశాలలో సీసాలో కప్పను నిలవ ఉంచే ఫార్మలిన్ ఉంది చూశారా, అదే. వేడిపలక తగిలితే ఆవిరై కళ్ళనూ గొంతునూ మండిస్తుంది. ఇది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో తేల్చింది. రోజూ ఆ ఆవిరి పీల్చేది పార్లర్‌లో పనిచేసే ఆడపిల్ల అన్న సంగతి ఎవరూ తలచుకోరు. దానికి బదులు వచ్చిన గ్లయాక్సిలిక్ ఆమ్లం కూడా నిర్దోషి కాదు. ఇలాంటి క్రీముతో మూడుసార్లు సాపు చేయించుకున్న 26 ఏళ్ళ స్త్రీకి మూడుసార్లూ మూత్రపిండాలు దెబ్బతిన్నాయని ఫ్రాన్సు వైద్యులు 2024లో ప్రకటించారు.

2022లో అమెరికా ప్రభుత్వ పరిశోధకులు 33,497 మంది స్త్రీలను దాదాపు 11 ఏళ్ళు గమనించిన వివరాలు వెలువరించారు. సాపుమందులు ఎన్నడూ వాడనివారిలో 70 ఏళ్ళ లోపల గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి 1.64 ఉండగా, తరచు వాడేవారిలో 4.05 అని అంచనా వేశారు. మందే కారణమని దీనితో రుజువైపోలేదు. నూటికి 96 మందికి రాదు కూడా. కాని ఆ లెక్క చిన్నది కాదు. అక్కడ ఆఫ్రికా సంతతి స్త్రీలు ఈ మందులను ఎక్కువగా వాడడానికి కారణం ముచ్చట ఒకటే కాదు. నొక్కులజుట్టుతో వెళితే బడిలోనూ ఉద్యోగంలోనూ చిన్నచూపు చూసేవారు. జుట్టును బట్టి వివక్ష చూపరాదని 2019లో కాలిఫోర్నియా చట్టం చేసింది. మన దగ్గర చట్టం దాకా పోలేదు గాని, "పీచుజుట్టు" అని ఏడిపించే నోళ్ళకు ఇక్కడా కరువు లేదు.

ఇక మానేసినవాళ్ళ సంగతి. చర్మం పైకి వచ్చిన వెంట్రుక జీవం లేనిది. దానికి గాయం మానదు. అందుచేత సాపైన జుట్టును మళ్ళీ గిరజాలు చేసే నూనె గాని, షాంపూ గాని లేదు. ఉన్నాయని అమ్మేవారి మాట నమ్మనక్కరలేదు. అయితే చర్మం కింది గుంట మారలేదు కనుక కొత్త వెంట్రుక పాత మెలికతోనే వస్తుంది. (మాడు కాలి పుండుపడి మచ్చకట్టిన చోట మాత్రం అసలు మొలవకపోవచ్చు.) తిరుపతిలో గుండు చేయించుకున్నవాళ్ళకు ఈ లెక్క తెలుసు. నెలకు సుమారు 1.25 సెంటీమీటర్లు, ఏడాదికి 15. భుజాల కిందికి 30 సెంటీమీటర్ల జుట్టు కావాలంటే రెండేళ్ళు. నడుము దాకా 60 కావాలంటే నాలుగేళ్ళు. ఒక్కసారిగా కత్తిరించుకునే ధైర్యం లేనివాళ్ళు మూడు నెలలకోసారి చివరలు కత్తిరిస్తూ ఓపిక పట్టాలి.

ఈ మధ్యకాలమే కష్టమైనది. గిరజా, సాపు కలిసే అతుకు దగ్గర వెంట్రుక పుటుక్కున తెగుతుంది. పైగా పత్తిదారం తడిస్తే బలం పెరుగుతుంది, వెంట్రుక తడిస్తే బలం తగ్గుతుంది. అందుకని తలంటుకున్న వెంటనే సన్నదువ్వెనతో లాగకూడదు. కాస్త నూనె గాని కండిషనర్ గాని రాసి, ముందు వేళ్ళతో, తరువాత పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెనతో కొసలనుంచి పైకి చిక్కు తీసుకోవాలి. బడికి రెండు జడలు తప్పవనుకుంటే బిగించి వేయకండి. నూనెలలో కొబ్బరినూనె వెంట్రుకలోకి ఇంకి మాంసకృత్తు కారిపోకుండా కాపాడుతుందని 2003లో ముంబయి పరిశోధకులు చూపారు. వారు పనిచేసేది కొబ్బరినూనె అమ్మే కంపెనీలోనే అన్నది గుర్తుంచుకుని చదవాలి గాని, ఫలితం నమ్మదగినదే.

గిరజాల జుట్టు సహజంగానే పొడిబారుతుంది. మాడులో ఊరే చమురు మెలికలు దిగి కొసదాకా రాలేదు. కనుక ఒంటిసబ్బుతో రుద్దడం మంచిది కాదు. సబ్బు పి.హెచ్. 9, 10 ఉంటుంది. కనిగిరి, పొదిలి వైపు మెట్ట ఊళ్ళలో పప్పు ఉడకని బోరునీళ్ళు చాలాచోట్ల ఉన్నాయి. అలాంటి నీళ్ళలోని కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి జిడ్డై జుట్టుకు అంటుకుంటుంది. కుంకుడులోని సపోనిన్లు కాల్షియంతో అలా విరగవు. పైగా కుంకుడురసం కొంచెం ఆమ్లగుణం కలది. సీకాయ కూడా అంతే. అలాగని చెట్టునుంచి వచ్చిందల్లా మెత్తనిదని అనుకోవద్దు. మిరపకాయా చెట్టుదే. కుంకుడు కంట్లో పడితే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా? రసం పలచగా చేసుకోండి. షాంపూ కొనేవారు సల్ఫేటు లేనిది చూసుకుంటే చమురు మరీ పోకుండా ఉంటుంది.

మీ ఇంట్లోవాటిని పరీక్షించడానికి పసుపు చాలు. పసుపును నీళ్ళలో కలిపి తెల్లకాగితానికి పూసి ఆరబెట్టండి. ముక్కలు చేసి సబ్బునీళ్ళు, షాంపూనీళ్ళు, కుంకుడురసం, బట్టలసోడా, పొయ్యిబూడిద కలిపిన నీళ్ళు ఒక్కొక్క చుక్క వేసి చూడండి. క్షారమైతే పసుపు ఎర్రబడుతుంది. ఏది ఎంత ఎరుపో నోటుపుస్తకంలో రాసుకోండి. ఈ పరీక్ష క్షారాన్ని మాత్రమే పట్టిస్తుంది. గ్లయాక్సిలిక్ ఆమ్లపు క్రీము వేసినా కాగితం పచ్చగానే ఉంటుంది.