సరుకు దించే గడువు - డెమరేజీ

మేము విశాఖపట్నంలో ఎం.ఏ. చదువుకొనే రోజులలో సాయంకాలాలు సముద్రతీరాన కూర్చొనేవారము. చీకటి పడిన కొద్దీ దూరాన నీటి మీద దీపాలు ఒక్కొక్కటే వెలిగేవి. అవి రేవులో చోటు కోసం లంగరు వేసి నిలిచిన ఓడలు. వానిని చూచి కవిత్వం వ్రాసిన మిత్రులు మాలో లేకపోలేదు. మాకు కలిగిన సందేహం మాత్రం వేరు. ఇన్నేసి రోజులు ఊరక నిలిచే ఓడకు సిబ్బంది జీతాలు, భోజనాలు, ఇంధనం, పెట్టుబడి మీద వడ్డీ ఎవరు భరిస్తారు? తెలుగు పంతులుకు ఈ లెక్కలెందుకని వాణిజ్యశాఖలోని మా సహోద్యోగులు నవ్వవచ్చు. కాని ఈ వ్యవహారమంతా తుదకు రెండు మూడు మాటల అర్థనిర్ణయం మీదనే నడుస్తున్నదని తెలిసిన పిమ్మట, ఇది మా శాఖకు అంత దూరమైన విషయం కాదనిపించింది.

ఓడను యజమాని వద్ద నుండి ఒక ప్రయాణానికి తీసుకొనే ఒడంబడికను చార్టర్ పార్టీ అంటారు. పూర్వం ఒప్పందాన్ని ఒకే పత్రం మీద రెండు మార్లు వ్రాసి, రెండుగా వేరుచేసి, చెరి సగం ఉంచుకొనేవారు. లాటినులో 'విభజించిన పత్రం' అనే అర్థం గల మాటే వాడుకలో ఇట్లా మారింది. వర్తకుడు యజమానికి చెల్లించే అద్దెకు తెలుగులో కేవు అనే చక్కని పాత మాట ఉన్నది. సరుకు ఎత్తడానికీ, దించడానికీ కొంతకాలం ఆ కేవులోనే కలిసి ఉంటుంది. దానినే లే టైం అంటారు. మన మాటలో గడువు, ఉర్దూలో ముహలత్. గడువు దాటినప్పుడు రోజుకింత అని వర్తకుడు చెల్లించే పరిహారమే డెమరేజీ. రైల్వే గూడ్సుషెడ్ల పుణ్యమా అని ఈ మాట మన వర్తకులకు చిరపరిచితమే. గడువు మిగిలేటట్లు పని ముగించినచో యజమానియే వర్తకునికి కొంత సొమ్ము ఇచ్చే పద్ధతి కూడా ఉన్నది. దాని పేరు డిస్పాచ్. సాధారణంగా అది డెమరేజీలో సగం.

ఒక ఓడలో 30,000 టన్నుల గోధుమలు ఉన్నవనీ, రోజుకు 3,000 టన్నుల చొప్పున దించవలెనని ఒప్పందమనీ అనుకొందాము. గడువు 10 రోజులు. డెమరేజీ రోజుకు 10,000 డాలర్లయితే, పనికి 14 రోజులు పట్టినప్పుడు వర్తకుడు 40,000 డాలర్లు ఇచ్చుకోవాలి. 8 రోజులలో ముగిస్తే 10,000 డాలర్లు అతనికే వస్తాయి. ఇంతవరకు బడిపిల్లవాడు కూడా చేయగల లెక్క. చిక్కంతా ఓడ 'చేరినది' అంటే ఏమిటి, 'రోజు' అంటే ఏమిటి అనే దగ్గర ఉన్నది.

గడువు మొదలు కావాలంటే ఓడ గమ్యం చేరాలి, సరుకు దించడానికి సిద్ధంగా ఉండాలి, ఆ సంగతి తెలుపుతూ నోటీసు ఇవ్వాలి. ఒప్పందంలో గమ్యం ఫలానా బెర్తు అని ఉంటే సందేహం లేదు. బెర్తు చేరేదాకా చేరనట్లే. గమ్యం ఫలానా రేవు అని ఉన్నప్పుడే తగవు. బెర్తు ఖాళీ లేక దూరాన లంగరు వేసిన ఓడ రేవు చేరినట్లా, చేరనట్లా?

ఆయెల్లో అనే ఓడ మొక్కజొన్న ఎత్తుకొనడానికి బ్యూనస్ ఐరిస్ వెళ్ళి, రద్దీ వలన సరుకు ఎత్తే చోటికి 22 మైళ్ళ దూరంలో నిలిచింది. (ఎత్తడమైనా దించడమైనా సూత్రం ఒకటే.) నాడు బ్రిటనులో అత్యున్నత న్యాయస్థానంగా ఉండిన లార్డ్స్ సభ, 1960లో, అది 'చేరిన ఓడ' కాదన్నది. రేవులో వ్యాపారం జరిగే భాగానికి అది రాలేదు గనుక నిరీక్షణ నష్టం యజమాని నెత్తిన పడినది. తరువాత 1968 జనవరిలో యోహానా ఓల్డెన్‌డార్ఫ్ అనే ఓడ అమెరికా నుండి ధాన్యంతో లివర్‌పూల్ వచ్చి, బెర్తు దొరకక, 17 మైళ్ళ దూరాన 3వ తేదీ నుండి 20వ తేదీ దాకా నిలిచిపోయింది. 1973లో అదే సభ తన పూర్వపు తీర్పును తానే తోసిపుచ్చినది. ఓడలు మామూలుగా వేచి ఉండే చోట, రేవు పరిధి లోపల, పిలిచిన వెంటనే వర్తకుని పనికి రాగల స్థితిలో ఉన్న ఓడ చేరినట్లేనని లార్డ్ రీడ్ నిర్ణయించాడు. ఓడలో ఏమీ మారలేదు, సముద్రంలో ఏమీ మారలేదు. పదమూడేళ్ళలో ఒక మాటకు అర్థం మారినది. దానితో పదిహేడు రోజుల నష్టం ఒకరి చేతి నుండి మరొకరి చేతికి పోయినది. వ్యాకరణం నిరుపయోగమనే విద్యార్థులు ఈ ఒక్క విషయం గమనించ కోరతాము.

ఇక 'రోజు' సంగతి. వాతావరణం అనుకూలించిన పనిదినాలు మాత్రమే గడువులోకి వస్తాయని అనేక ఒప్పందాలలో వ్రాసుకొంటారు. గోధుమలు, ఎరువులు, సిమెంటు వంటి సరుకైతే చినుకు పడగానే ఓడ గర్భం మూతలు వేయవలసిందే. ఇనుప ఖనిజానికి అంత భయం లేదు. కనుక ఒకే వాన ఒక ఓడకు మినహాయింపు కావచ్చు, పక్క ఓడకు కాకపోవచ్చు. మన కాకినాడ యాంకరేజి రేవులో ఓడ సముద్రంలోనే నిలుస్తుంది. ఓడకూ ఒడ్డుకూ మధ్య సరుకు బార్జీల మీద నడుస్తుంది. అక్కడ వానతోపాటు అలలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆదివారాలు, సెలవులు మినహా అనేది మరొక షరతు. శుక్రవారం సెలవు పాటించే దేశాల రేవులకు 'శుక్రవారాలు, సెలవులు మినహా' అని వ్రాస్తారు. ఈద్ సెలవు నెలవంక దర్శనాన్ని బట్టి కదా వచ్చేది! ఒప్పందం మీద సంతకాలు చేసేనాటికి ఆ మినహాయింపు దినం ఏదో ఇరుపక్షాలలో ఎవరికీ నిశ్చయంగా తెలియదు.

అయితే ఈ మినహాయింపులన్నీ గడువు లోపలనే. గడువు ఒకసారి దాటిన పిమ్మట, ఒప్పందంలో వేరుగా వ్రాసుకొంటే తప్ప, ఆదివారమూ లేదు, వానా లేదు, పండుగా లేదు, గడియారం ఆగదు. 'ఒకసారి డెమరేజీ అయితే ఎప్పటికీ డెమరేజీయే' అనేది ఓడ వర్తకంలో సామెత వంటి సూత్రం. కాస్త కఠినమే, కాని న్యాయం లేకపోలేదు. పని వేళకు ముగించి ఉంటే ఆ వాన ఓడ మీద కురిసేదే కాదు గదా అని యజమాని వాదన.

ఈ సూత్రం ఒక దేశాన్నే ఎట్లా కుదిపివేసిందో నైజీరియాలో చూడవచ్చు. 1973 తరువాత చమురు ధర పెరిగి సొమ్ము చేతికి రాగా, నిర్మాణాల కోసం ఆ దేశం ఇంచుమించు 2 కోట్ల టన్నుల సిమెంటుకు ఒప్పందాలు చేసుకొన్నది. లాగోస్ రేవు ఏడాదికి దించగల సిమెంటు సుమారు 10 లక్షల టన్నులు మాత్రమే. ఆ రేవు ఎదుట 1975లో 400కు పైగా ఓడలు నిలిచినవి. అందులో దాదాపు సగం సిమెంటువే. ప్రతి ఓడ మీద ప్రతి దినమూ డెమరేజీ పెరుగుతూనే ఉండినది. ముసలి ఓడలను కొందరు ఆ డెమరేజీ కోసమే అక్కడికి పంపారనే మాట కూడా పుట్టినది. కొంత సిమెంటు తేమకు ఓడలలోనే గడ్డకట్టినది. రాళ్ళుగా మారిన సరుకుకు కూడా నిరీక్షణ వెల చెల్లించవలసిన దుస్థితి అన్నమాట. ఆ ఏడు జూలైలో సైన్యం గోవన్ ప్రభుత్వాన్ని తొలగించినది. కొత్త ప్రభుత్వం చెల్లింపులు ఆపివేసి, బేరసారాలకు దిగినది.

స్విట్జర్లాండుకు చెందిన ట్రెండ్‌టెక్స్ అనే సంస్థ 2,40,000 టన్నుల సిమెంటు ధరకు, డెమరేజీకి నైజీరియా కేంద్ర బ్యాంకు మీద లండనులో దావా వేసినది. తాము రాజ్యాంగంలో భాగమనీ, పరదేశ న్యాయస్థానం తమను విచారించరాదనీ బ్యాంకు వాదించినది. లార్డ్ డెన్నింగ్ ప్రముఖుడుగా ఉండిన అప్పీలు న్యాయస్థానం 1977లో ఆ వాదనను త్రోసివేసినది. సిమెంటు కొన్నవాడు రాజైనా వర్తకుడే. సంతలోకి దిగినవాడు సంత కట్టుబాటుకు లోబడాలన్నదే ఆ తీర్పు సారాంశం.