నర్సింగ్ చదివే పిల్లలకు కెమిస్ట్రీ ఎక్కడ చిక్కుతుంది?

హోసూరు, బళ్లారి, బరంపురం వంటి ఊళ్లలోని మన ఇళ్ల నుంచి బీఎస్సీ నర్సింగ్‌లో చేరే పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఆ రాష్ట్ర భాష, కాలేజీలో ఇంగ్లీషు. ఇంటర్ కెమిస్ట్రీ గట్టెక్కినవాళ్లు కూడా రెండో సెమిస్టర్ బయోకెమిస్ట్రీలో తడబడుతుంటారు. మేము చూసినంతలో చిక్కు రెండు చోట్ల ఉంది: కొలతలు, భాష.

సెలైన్ బాటిల్ మీద 0.9 శాతం అని ఉంటుంది. అంటే 100 మిల్లీలీటర్లలో 0.9 గ్రాముల ఉప్పు. 500 మిల్లీలీటర్ల బాటిల్‌లో 4.5 గ్రాములు. 5 శాతం డెక్స్‌ట్రోజ్ అరలీటరులో 25 గ్రాముల చక్కెర. ఈ లెక్క నోటికి రావాలి. ఎందుకంటే తర్వాత పొటాషియం క్లోరైడ్ వస్తుంది. 15 శాతం ఉన్న 10 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో 1.5 గ్రాములు, అంటే సుమారు 20 మిల్లీఈక్వివలెంట్లు ఉంటాయి. దాన్ని సెలైన్‌లో బాగా కలిపి నిదానంగానే ఎక్కించాలి. నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోవచ్చు. పరీక్షలో దశాంశ బిందువు తప్పితే ఒక మార్కు పోతుంది. వార్డులో తప్పితే ఏం పోతుందో చెప్పక్కర్లేదు.

పీహెచ్ కూడా ఇలాగే మోసం చేస్తుంది. రక్తానికి మామూలుగా 7.35 నుంచి 7.45 వరకు ఉంటుంది. 7.4 నుంచి 7.1కి దిగితే తేడా 0.3 మాత్రమే అనిపిస్తుంది, కానీ హైడ్రోజన్ అయాన్లు రెట్టింపవుతాయి. ఆ స్కేలులో ఒక అంకె దిగితే పది రెట్లు మరి.

ఇక భాష. ఇంగ్లీషు నోట్సు బట్టీ పట్టేకన్నా, ముందు తెలిసిన మాటలో అర్థం చేసుకుని, తర్వాత ఇంగ్లీషు పేరు తగిలించుకోవడం మేలు. మన ఆమ్లం కన్నడంలోనూ ఆమ్లమే, తమిళంలో అమిలం. (తమిళ పాఠంలో కారం అంటే క్షారం, మన ఎర్ర కారం కాదు!)

దీనికి ఇంట్లోవాళ్లు చేయగల సాయం ఒకటుంది. షుగరున్న అమ్మమ్మ రిపోర్టు ముందు పెట్టి, ఇదేమిటో తెలుగులో చెప్పమ్మా అని అడగండి. హెచ్‌బీఏవన్‌సీ అంటే హిమోగ్లోబిన్‌కు అంటుకున్న గ్లూకోజ్ అని, ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి అది రెండు మూడు నెలల షుగరు సంగతి చెబుతుందని ఆ పిల్ల పుస్తకం చూడకుండా వివరించగలిగితే పాఠం వచ్చినట్టే. ఎక్కడ ఆగిపోయిందో ఆ ముక్క మళ్లీ చదువుకుంటే చాలు, అధ్యాయం మొత్తం తిరగేయక్కర్లేదు.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021 సిలబస్‌లో బయోకెమిస్ట్రీ, పోషకాహారం రెండూ ఒకే సెమిస్టర్‌లో వస్తాయి. అన్నం గ్లూకోజ్‌గా మారే పాఠాన్ని రెండింటికీ కలిపి ఒకేసారి చదువుకోవచ్చు. కొలతల సాధన మాత్రం మొదటి సెమిస్టర్ సెలవుల్లోనే మొదలుపెట్టించండి, రోజుకు ఐదు లెక్కలైనా సరే.