సున్నాకి బదులు నాలుగు ఎందుకు?

ఒక ఊరి మంచినీళ్ల టాంకును ఊహించుకోండి. టాంకు గుట్ట మీద ఉంది. మోటారు గది అర కిలోమీటరు దూరాన చెరువు గట్టున ఉంది. టాంకులో నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో మోటారు గదిలోనే తెలియాలి. ఎలా?

టాంకు అడుగున నీటి పీడనాన్ని కొలిచే సెన్సరు పెట్టి, రెండు తీగలు లాగితే సరిపోతుంది కదా అంటారు మీరు. నిజమే. కాని ఆ తీగల మీద కబురు పంపేది వోల్టేజి రూపంలోనా, విద్యుత్ప్రవాహం రూపంలోనా?

వోల్టేజితో చిక్కు ఉంది. పోనూరానూ కిలోమీటరు తీగ. అర చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న రాగి తీగకు దాదాపు 35 ఓముల నిరోధం ఉంటుంది. కొలిచే పరికరం కాస్త కరెంటు తీసుకున్నా, వోల్టేజిలో కొంత తీగలోనే ఖర్చయిపోతుంది. దగ్గర్లో తిరిగే మోటార్లు ఆ తీగలో అనవసరపు వోల్టేజిని కూడా పుట్టిస్తాయి.

మీ భౌతికశాస్త్ర పుస్తకంలోని ఒక వాక్యం ఇక్కడ ఆదుకుంటుంది. శ్రేణి సంధానంలో అన్ని భాగాల గుండా ఒకే విద్యుత్తు ప్రవహిస్తుంది. గుట్ట మీద 12 మిల్లీ ఆంపియర్లు బయలుదేరితే, చెరువు గట్టుకు చేరేదీ 12 మిల్లీ ఆంపియర్లే!

అందుకే కర్మాగారాలలో 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల పద్ధతి స్థిరపడింది. ఇన్‌స్ట్రుమెంట్ సొసైటీ ఆఫ్ అమెరికా 1975లో దీన్ని ప్రమాణంగా ప్రకటించింది. అంతకు ముందు గాలి పీడనంతో కబుర్లు పంపేవారు. గొట్టంలో చదరపు అంగుళానికి 3 పౌన్లు ఉంటే కనిష్ఠం, 15 పౌన్లు ఉంటే గరిష్ఠం. అక్కడా నిష్పత్తి ఒకటికి ఐదే, గమనించారా?

మౌనం అర్ధాంగీకారం కాదు

ఖాళీ టాంకుకు సున్నా పెట్టక 4 ఎందుకు పెట్టారు? తీగ తెగిందనుకోండి. అప్పుడూ సున్నాయే వస్తుంది. మోటారు దాన్ని "టాంకు ఖాళీ" అని అర్థం చేసుకుని, నిండిన టాంకులోకి నీళ్లు తోడుతూనే ఉంటుంది. ఇది నీళ్లతో పోయే నష్టం. అదే బాయిలరు అయితే? "ఇంకా వేడెక్కలేదు" అనుకుని మంట పెంచుతూ పోతే ప్రాణాలకే ముప్పు.

మౌనం అర్ధాంగీకారం అంటారు పెద్దలు. యంత్రాల దగ్గర ఆ మాట చెల్లదు. 4 వస్తే "ఖాళీ", ఏమీ రాకపోతే "తీగ తెగింది". రెంటికీ తేడా స్పష్టం. ఇంకో లాభం కూడా ఉంది. ఎప్పుడూ ప్రవహించే ఆ 4 మిల్లీ ఆంపియర్లతోనే సెన్సరు తన పని నడుపుకుంటుంది. వేరే కరెంటు తీగ అక్కరలేదు.

ఆర్డుయినోకు చెప్పడం ఎలా?

ఇటలీలో 2005లో పుట్టిన ఆర్డుయినో బోర్డులు ఇప్పుడు చాలామంది విద్యార్థుల చేతుల్లో ఉన్నాయి. వాటిలో ఊనో అనే బోర్డు 0 నుంచి 5 వోల్టులను 0 నుంచి 1023 వరకు అంకెలుగా మారుస్తుంది. కాని దానికి కరెంటు భాష రాదు, వోల్టేజి భాషే వచ్చు. వీరి మధ్య దుబాసీ ఎవరు? ఒక్క నిరోధకం!

220 ఓముల నిరోధకాన్ని వలయంలో కలపండి. ఓమ్ నియమం ప్రకారం 4 మిల్లీ ఆంపియర్లకు దాని కొనల మధ్య 0.88 వోల్టు, 20కి 4.4 వోల్టులు వస్తాయి. బోర్డు వీటిని సుమారు 180, 900 అని చదువుతుంది. టాంకు లోతు 4 మీటర్లయితే, మధ్యనున్న 720 మెట్లలో ఒక్కొక్కటి సుమారు అయిదున్నర మిల్లీమీటర్లు.

వలయానికి 24 వోల్టుల సరఫరా ఇస్తారు. నిండు టాంకప్పుడు నిరోధకం 4.4, తీగ 0.7 వోల్టు తీసుకుంటే, మిగిలిన 18.9 సెన్సరుది. తీగ పొడవు పెరిగితే సెన్సరు తన వాటా తగ్గించుకుని, కరెంటును మాత్రం మారనివ్వదు.

జాగ్రత్త! నిరోధకం ఊడిపోతే 24 వోల్టులూ బోర్డు మీద పడతాయి. అందుకే నిరోధకానికీ బోర్డుకూ మధ్య 10 కిలో ఓముల నిరోధకం కూడా పెట్టడం మేలు.

మీరే చేసి చూడండి

9 వోల్టుల బ్యాటరీ, రెండు 220 ఓముల నిరోధకాలు, 2 కిలో ఓముల వాల్యూం కంట్రోలు తీసుకోండి. అన్నిటినీ శ్రేణిలో కలపండి. బ్యాటరీ రుణ ధ్రువాన్ని బోర్డు గ్రౌండుకు కలిపి, ఆ ధ్రువం పక్కనున్న నిరోధకం రెండో కొనను ఎ-జీరోకు, 10 కిలో ఓముల ద్వారా, కలపండి. వాల్యూం కంట్రోలు తిప్పితే కరెంటు దాదాపు 4 నుంచి 20 వరకు మారుతుంది. ఇప్పుడు ఒక తీగ పీకండి. బోర్డు సున్నా చూపుతుంది. "100 కన్న తక్కువైతే దీపం వెలిగించు" అని ప్రోగ్రాం రాయండి. అదే మీ ప్రమాద హెచ్చరిక.

చివరగా ఒక లెక్క: మన 4 మీటర్ల టాంకు నుంచి 16 మిల్లీ ఆంపియర్లు వచ్చాయి. నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయి? 3.2 మీటర్లు అన్నవారు మళ్లీ ఆలోచించండి. లెక్క మొదలయ్యేది సున్నా నుంచి కాదు!