వంద డాలర్ల బాక్సింగ్ పోటీ: కొనాలా, వద్దా?

హాస్టల్ టీవీ గదిలో ఆటలు చూస్తూ పెరిగిన మనకు 'పే-పర్-వ్యూ' అనే మాట కొత్తగానే ఉంటుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో విజేందర్ కాంస్యం గెలిచినప్పుడు గానీ, 2022లో మన నిజామాబాద్ నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు గానీ ఒక్క పోటీ కోసం విడిగా డబ్బు కట్టమని మనల్ని ఎవరూ అడగలేదు. అమెరికాలో పెద్ద ప్రొఫెషనల్ బాక్సింగ్ పోటీల సంగతి వేరు. నెలనెలా కేబుల్ బిల్లు కడుతున్నా, ఆ ఒక్క రాత్రికి మళ్ళీ వేరే రుసుము కట్టాలి. సినిమా టికెట్ లాంటిదే, కాకపోతే చూసేది ఇంట్లో.

అక్కడ ఎమ్మెస్ చదివే మన వాళ్ళకు వంద డాలర్లంటే ఇంటికి పంపే డబ్బులోంచి తీసినట్టే. కాబట్టి కొనేముందు ఏం చూడాలో తెలుసుకుందాం.

మొదట గుర్తుంచుకోవలసింది, ధర పేరును బట్టి ఉంటుంది గానీ పోరును బట్టి కాదు. 2015 మే 2న లాస్ వేగాస్‌లో ఫ్లాయిడ్ మేవెదర్, మానీ పకియావో తలపడ్డారు. మనకది ఆదివారం ఉదయం. మామూలు ప్రసారానికి 89.95 డాలర్లు, హెచ్‌డీ అయితే ఇంకో పది. వంద డాలర్లంటే ఆనాటి లెక్కన ఆరు వేల రూపాయల పైమాటే, అంటే హాస్టల్లో ఒక విద్యార్థికి కొన్ని నెలల మెస్ చార్జీ. సుమారు 46 లక్షల కొనుగోళ్ళు జరిగాయి. చూసినవారికి దక్కింది మాత్రం పన్నెండు రౌండ్ల జాగ్రత్త ఆట. ఒక్కరూ కింద పడలేదు, మేవెదర్ పాయింట్ల మీద గెలిచాడు.

ఇందులో ఆశ్చర్యపడేది లేదని మా అభిప్రాయం. మేవెదర్ మొదటి నుంచీ దెబ్బ తప్పించుకోవడంలో మొనగాడు. వయసులు చూస్తే ఒకరికి 38, మరొకరికి 36. అభిమానులు ఐదారేళ్ళుగా అడుగుతున్న పోటీ అది. పకియావో భుజానికి ముందే గాయమైందన్న సంగతి పోటీ అయ్యాకే బయటపడింది. మోసపోయామని కొన్నవాళ్ళు కోర్టుకెక్కారు. పూర్తి పోటీ చూపించారు కదా అని 2019లో అప్పీలు కోర్టు కూడా వారి వాదన తోసిపుచ్చింది. పోటీ చప్పగా ఉందంటే డబ్బు వెనక్కి రాదన్నమాట.

ఇక రెండోవైపు చూడండి. 2005 మే 7న అదే లాస్ వేగాస్‌లో డియెగో కొరాలెస్, హోసె లూయిస్ కాస్తియో తలపడ్డారు. ఇద్దరూ వెనక్కి తగ్గే రకం కాదు. దగ్గరగా నిలబడి, తొమ్మిది రౌండ్లు ఎడాపెడా కొట్టుకున్నారు. పదో రౌండులో కొరాలెస్ రెండుసార్లు నేల కరిచాడు. ఇక అయిపోయిందనుకుంటుండగా లేచి, అదే రౌండులో కాస్తియోను తాళ్ళ మీదికి నెట్టి కొట్టాడు. రిఫరీ పోటీ ఆపేశాడు. ఇంతటి పోటీ పే-పర్-వ్యూ కాదు! షోటైమ్ చానెల్ చందాదారులు పైసా అదనంగా కట్టకుండా చూశారు.

అందుచేత పోస్టర్ పక్కన పెట్టి, ఇద్దరి చివరి రెండు మూడు పోటీలు చూడాలి. ఇద్దరూ ముందుకొచ్చి కొట్టేవాళ్ళా? బలాబలాలు సమానమేనా? 1995లో జైలు నుంచి వచ్చిన టైసన్, పీటర్ మెక్‌నీలీతో ఆడిన పే-పర్-వ్యూ పోటీ 89 సెకన్లలో ముగిసింది. అసలు పోటీకి ముందు జరిగే చిన్న పోటీల్లో చూడదగ్గది ఒక్కటైనా ఉందేమో కూడా విచారించాలి.

ఒక్కరే కొనేటట్లయితే మేము చాలావాటికి వద్దనే అంటాం. అదే ఆరుగురు వాటాలు వేసుకుంటే తలా పదిహేడు డాలర్లు కూడా పడదు.