చేతులు మారిన శాస్త్రపత్రికలు

బెర్లిన్ నగరమున 1842వ సంవత్సరములో జూలియస్ స్ప్రింగర్ అను ఇరువదియైదేండ్ల యువకుడు ఒక పుస్తకాల అంగడి పెట్టినాడు. కాలక్రమమున ఆ అంగడియే శాస్త్రగ్రంథ ప్రచురణలో జగత్ప్రసిద్ధి గాంచినది. నూటయేబది సంవత్సరములకు పైగా అది పుస్తకములు అచ్చువేయువారి చేతిలోనే ఉన్నది. ఆ తరువాతి కథ వేరు.

1999లో బెర్టెల్స్‌మన్ అను ప్రచురణ సంస్థ దానిని వశము చేసికొన్నది. 2003లో సిన్వెన్, కాండోవర్ అను రెండు ప్రైవేట్ ఈక్విటీ సంస్థలు కొన్నవి. 2009–10లో అవి ఇ.క్యు.టి. సంస్థకు, సింగపూరు ప్రభుత్వ నిధికి అమ్మినవి. 2013లో బి.సి. పార్ట్‌నర్స్ సంస్థ 330 కోట్ల యూరోలకు బేరము కుదుర్చుకొన్నది. 1869 నుండి వెలువడుచున్న ‘నేచర్’ పత్రికకు యజమానులైన హోల్ట్స్‌బ్రింక్ వారి వ్యాపారముతో 2015లో కలిసి, అది ‘స్ప్రింగర్ నేచర్’ అయినది. 2018లోను, 2020లోను వాటాలను విపణికెక్కింపబోయి వెనుదీసి, తుదకు 2024 అక్టోబరులో ఫ్రాంక్‌ఫర్టు స్టాక్ ఎక్స్ఛేంజిలో వాటా 22.50 యూరోల చొప్పున అమ్మకమునకు పెట్టినారు.

ప్రైవేట్ ఈక్విటీ అనగా నేమి? పింఛను నిధులవంటి వాటినుండి సొమ్ము పోగుచేసి, దానికి పెద్ద అప్పు జోడించి, ఒక సంస్థను కొనుట. కొన్ని యేండ్లు నడిపి, పెరిగిన ధరకు అమ్మి లాభము పంచుకొనుట. చేసిన అప్పు సాధారణముగా కొనబడిన సంస్థ నెత్తినే పడును. 2024లో విడుదలైన కొత్త వాటాలవలన రాదలచిన సుమారు 20 కోట్ల యూరోలు సైతము అప్పు తగ్గించుటకే ఉద్దేశింపబడినవి.

ఇంతకును ఇన్ని మారులు అమ్ముడుపోయిన సరకేది? యంత్రములు కావు, భవనములు కావు. పత్రికల పేరు ప్రతిష్ఠలు. వాని నార్జించినవారెవరు? వ్యాసము వ్రాసిన పండితునకు పారితోషికము లేదు. దాని మంచిచెడ్డలు తూచు సహపండితునకును సాధారణముగా లేదు. మన ప్రబంధ యుగమున కృతిభర్త కవికి అగ్రహారములిచ్చి కృతినందెను. నేడు కృతికర్త కృతిని ఊరక ఇచ్చి, పెక్కుచోట్ల ప్రచురణ రుసుము కూడ చెల్లించుచున్నాడు.

ప్రచురణకర్తల శ్రమ లేదనుట అన్యాయము. సంపాదకత్వము, భద్రపరచుట, పాతసంచికలను కంప్యూటరు తెరపైకి తెచ్చుట ధనముతో కూడిన పనులే. వాటాలు విపణికెక్కిన సంస్థ లెక్కలు లోకమునకు వెల్లడియగుట కూడ మేలే. అయితే పత్రిక నూరేండ్లకు పెరుగు చెట్టు. పెట్టుబడిదారు అడుగునది ఈ యేటి పంట.

పంట తొందరలో ఏమగునో ఒక ఉదాహరణము చాలును. 1807 నాటి అమెరికా సంస్థ వైలీ, న్యూయార్కు విపణిలో వాటాలు గలది, 2021లో కైరోలో పుట్టిన హిందావీ సంస్థను 29.8 కోట్ల డాలర్లకు కొన్నది. అది రచయితల రుసుములమీద నడచునది. వ్యాసములు ఎన్ని యెక్కువైన రాబడి అంత. ప్రత్యేక సంచికల దారిన కూలికి వ్రాసిన నకిలీ వ్యాసములు చొరబడినవి. 2023 ఒక్క యేటనే ఎనిమిదివేలకు పైగా వ్యాసములను ఉపసంహరింపవలసివచ్చినది. ఆ యేటి చివర హిందావీ పేరునే విడిచిపెట్టుటకు నిశ్చయించినారు.

ఈ వ్యాపారము మనకు దూరమైనది కాదు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము ‘ఒకే దేశము – ఒకే చందా’ పథకమునకు మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. ముప్పది ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలు 6,300కు పైగా విద్యాసంస్థలకు అందుట దాని లక్ష్యము. విశాఖలోనో వరంగల్లులోనో పరిశోధన చేయు పేదవిద్యార్థికి ఇది వరమే. కాని ప్రజాధనముతో సాగిన పరిశోధనను ప్రజాధనముతోనే తిరిగి కొనుచున్నామన్న మాట మరువరానిది.

2015లో ఎల్సెవియర్ వారి ‘లింగ్వా’ అను భాషాశాస్త్ర పత్రిక సంపాదకులందరు ఒక్కుమ్మడిగా వైదొలగి, ‘గ్లోసా’ అను పత్రికను స్థాపించి, పాఠకునికి ఉచితముగా నందించినారు. పేరు యజమానివద్ద మిగిలినది. పాండిత్యము లేచి నడచిపోయినది. పత్రిక వాటాలు కొనువారు మొదట తెలిసికొనవలసిన లెక్క ఇదియే. విద్వాంసులు తెలిసికొనవలసిన బలమును ఇదియే.